తుపాకులు వెనక్కి అడిగిన మా అన్నయ్య

మా అన్నయ్యను చంపేశారన్న కబురు నాకు ఆస్పత్రిలో అందింది. ఒక ముసలాయనకు కాలిపుండు కడిగి కట్టు కడుతున్నాను. మాచర్ల నుంచి వచ్చే బస్సు డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు.

"ఏంది అబ్బాయ్, ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"నువ్వు ఆ పని కానియ్యక్కా," అన్నాడు.

కట్టు పూర్తి చేసి చేతులు కడుక్కున్నాను. అప్పుడు చెప్పాడు. అన్నయ్య రోడ్డు పక్కన టీకొట్టు ముందు బస్సు కోసం నిలబడి ఉంటే, మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు కాల్చిపోయారట. పట్టపగలు. టీకొట్టు మనిషి బల్ల కింద దూరాడట. ఆస్పత్రికి తీసుకురావలసిన అవసరం కూడా లేకపోయిందట.

మర్నాడు పేపర్లో అడుగున చిన్న వార్త వేశారు. నాటు తుపాకులు చేరవేసే ముఠాలోని మనిషి హత్యకు గురయ్యాడని. వాళ్ళు రాసింది అబద్ధం కాదు. మాచర్ల బజారులో పీడ వదిలిందని అనుకున్నవాళ్ళున్నారని కూడా విన్నాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మా అన్నయ్య తెచ్చిన తుపాకి దెబ్బకు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు అంతకంటే ఏమంటారు? ఆయన మంచివాడని నిరూపించడానికి నేనిది రాయడం లేదు. ఆయన చివరి రోజుల్లో చేసిన పని ఒకటి ఉంది. అది పేపర్లో రాలేదు, బజారుకు తెలియదు. నేను పక్కనుండి చూశాను కాబట్టి నేనే చెప్పాలి.

మా నాన్న నాపరాళ్ళ గనిలో పని చేస్తూ మీద రాయి పడి చనిపోయాడు. అప్పటికి నేను పలక పట్టుకుని బడికి పోయే పిల్లను. అన్నయ్య చదువు మానేసి లారీ క్లీనరుగా ఎక్కాడు. తర్వాత మాచర్లలో ఒక సాయిబుగారి షెడ్డులో మెకానిక్కు పని నేర్చుకుని, ఆనక తనే చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. మోటారు సైకిలు మీద ఆయనకున్న ప్రేమ ఇంట్లో మనుషుల మీద ఉన్నంత. బండి స్టార్టు చేసే ముందు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగేవాడు, పసిబిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చూసినట్టు. దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే ఇంజను ఆపేసి, మంద మొత్తం దాటేదాకా కూర్చునేవాడు. హారను కొట్టేవాడు కాదు. అన్నంలో మొదటి ముద్ద గొడ్డుకారంతోనే తినాలి ఆయనకు. ఎంత మంచి కూర వండినా సరే, ముందు కారం కలుపుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే నవ్వి, ఆ తర్వాతే కూర వైపు చూసేవాడు.

నాకు గుంటూరులో నర్సు ట్రైనింగులో సీటు వచ్చినప్పుడు, నా ట్రంకు పెట్టె బండికి వెనక కట్టి, నన్ను మధ్యలో ఇరికించి తీసుకెళ్ళాడు. హాస్టలు వార్డెనమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మా పిల్ల నిద్దర్లో కలవరిస్తదమ్మా, ఏమీ అనుకోమాకండి," అని చెప్పాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యింది. ఆయన వెళ్ళిపోయాక గేటు దగ్గర నిలబడి ఏడ్చాను.

సెలవులకు వచ్చినప్పుడు సాగరు కాలవ కట్ట మీద నాకు మోటారు సైకిలు నేర్పాడు. వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా అమ్మ అప్పటికింకా బతికే ఉంది, వద్దని గోల పెట్టింది. అన్నయ్య వినలేదు. నేను హ్యాండిలు గట్టిగా పట్టుకుని వణుకుతుంటే వెనక నడుస్తూ అనేవాడు: "చేతులు బిగించమాక అమ్మాయ్. బండి నీకన్నా పిరికిది. నువ్వు బిగుసుకుంటే అదీ బిగుసుకుంటది." ఆపరేషను గదిలో మొదటిసారి డాక్టరుగారి పక్కన నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చిన మాట అదే. ఇప్పటికీ సూది పట్టుకున్నప్పుడల్లా నా వేళ్ళను నేను వదులు చేసుకుంటాను.

పేరయ్య అనే మనిషితో అన్నయ్యకు షెడ్డులోనే పరిచయమయ్యింది. పేరయ్యకు లారీలుండేవి, చుట్టూ మనుషులుండేవారు. వాళ్ళందరికీ బుల్లెట్టు బండ్లు. వరసగా సాగరు రోడ్డు మీద వస్తుంటే ఆ చప్పుడుకే కొట్లల్లో మాటలు ఆగిపోయేవి. వాళ్ళ బండ్లు బాగుచెయ్యడానికి వెళ్ళిన అన్నయ్య కొన్నాళ్ళకు వాళ్ళతో పాటే తిరగడం మొదలుపెట్టాడు. మా వైపు ఊళ్ళ సంగతి చదివేవాళ్ళకు కొత్త కాదు. ఊరికి రెండు ముఠాలు. పంచాయతీ ఎన్నికల దగ్గరో, రాళ్ళ లారీల దగ్గరో మొదలైన తగవు తండ్రుల నుంచి కొడుకులకు దిగుతుంది. పేరయ్య ఏటి అవతల నుంచి నాటు తుపాకులు తెప్పించి ఇద్దరికీ అమ్మేవాడు. ఉదయం ఒక ముఠాకు, సాయంత్రం వాళ్ళ శత్రువులకు. వాటిని ఊళ్ళకు చేరవేసేది మా అన్నయ్య. ఏ డొంక ఎక్కడ తేలుతుందో, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చో ఆయనకంత బాగా ఇంకెవరికీ తెలియదు.

నాకీ సంగతి ఆస్పత్రిలో తెలిసింది. భుజంలో తుపాకి రవ్వలు దిగిన ఒక మనిషికి డాక్టరుగారు వాటిని ఒక్కొక్కటీ తీస్తుంటే నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న అతని తమ్ముడు నా ముఖం చూసి గుర్తుపట్టి, "మీ అన్న బండి మా ఊళ్ళో ఆగిందంటే ఎవురో ఒకరికి మూడినట్టే సిస్టరమ్మా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వర్షం వచ్చేట్టుందని చెప్పినట్టు చెప్పాడు.

ఆ ఆదివారం అన్నయ్య నా క్వార్టర్సుకు భోజనానికి వచ్చాడు. అడిగాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"నేను మోసేవాణ్ణే అమ్మాయ్. పేల్చేవాణ్ణి కాదు."

"మోసేదేందో తెలిసే మోస్తన్నావు గందా."

"నేను మానేస్తే ఇంకోడు మోస్తడు."

"ఇంకోడు నాకు అన్న కాదు. నువ్వా పని మానిందాకా ఈ గడప తొక్కమాక," అన్నాను.

అన్నం మొత్తం తిన్నాడు. కంచం తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆ తర్వాత గడప తొక్కలేదు కానీ ఆదివారాలు రావడం మానలేదు. ఆస్పత్రి గేటు దగ్గర బండి ఆపి, కాలం బట్టి సీతాఫలాలో జామకాయలో వాచ్‌మన్ చేతికిచ్చి, కాసేపు లోపలికి చూసి వెళ్ళిపోయేవాడు.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నమే దేవమ్మను మా ఆస్పత్రికి తెచ్చారు. రాళ్ళ గనిలో పని చేసే ఏసోబు భార్య ఆవిడ. మొగుడికి అన్నం క్యారియరు పట్టుకుని వెళ్తుంటే, గని దారిలో రెండు ముఠాలు ఎదురుపడ్డాయి. ఎవరికి తగలాలని కాల్చారో గాని దేవమ్మ కడుపులో తగిలింది. మంచం మీద వేసి మోసుకొచ్చారు. డాక్టరుగారు చూసి, ఇక్కడ కాదు, నరసరావుపేట తీసుకుపోవాలి, వెంటనే, అన్నారు. ఆస్పత్రి జీపు మరమ్మతుకు వెళ్ళి ఉంది. నేను గేటు వైపు పరుగెత్తాను. అన్నయ్య అక్కడ జామకాయల సంచీతో నిలబడి ఉన్నాడు. మా మధ్య మాటల్లేవన్న సంగతి నాకు గుర్తే రాలేదు.

"అన్నయ్యా, బండి ఏదన్నా ఆపు. మనిషి పోయేట్టుంది."

సంచీ అక్కడే పడేసి, తన బుల్లెట్టును రోడ్డుకు అడ్డంగా పెట్టి నాపరాళ్ళ లారీని ఆపాడు. డ్రైవరు అన్నయ్యను చూసి నోరెత్తకుండా కిందికి దిగాడు. రాళ్ళ మీద వరిగడ్డి పరిచి దేవమ్మను పడుకోబెట్టాం. ఏసోబు ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను పొట్ట మీద గుడ్డ అదిమి పట్టుకున్నాను. సెలైను సీసా తగిలించడానికి ఏమీ లేదు. అన్నయ్య ఒక చేత్తో లారీ తాడు పట్టుకుని, ఇంకో చేత్తో సీసా పైకెత్తి నిలబడ్డాడు. అలాగే పిడుగురాళ్ళ దాటాం. ఎండ మండిపోతోంది. సున్నపు బట్టీల దుమ్ము మా మీద పడుతోంది.

దేవమ్మకు స్పృహ ఉంది. "పిల్ల పాలకేడుస్తన్నదేమో," అని మొగుడితో రెండు మూడు సార్లు అంది. తర్వాత అన్నయ్య వైపు చూసింది.

"అన్నా, నీ చెయ్యి లాగతందేమో. కాసేపు దించు."

"లేదమ్మా. లాగటల్లేదు."

"నేను బతికితే మా ఇంటికి రావాల నువ్వు. కోడిని కోస్తా."

అన్నయ్య సీసా ఇంకాస్త పైకెత్తి అడిగాడు. "ఏ ఊరమ్మా మీది?"

ఏసోబు ఊరి పేరు చెప్పాడు. నేను తలెత్తి మా అన్నయ్యను చూశాను. ఆయన ముఖంలో నెత్తురు లేదు. అంతకు ముందు వారమే ఆ ఊళ్ళో సరుకు దింపి వచ్చాడని నాకు తర్వాత తెలిసింది, కానీ తుపాకులు అక్కడికి తెచ్చింది ఆయనేనని ఆ ముఖం చూడగానే అర్థమయ్యింది.

దూరంగా కోటప్పకొండ కనబడుతుండగా దేవమ్మ పోయింది. ఏసోబుకు వెంటనే అర్థం కాలేదు. ఆమె బుగ్గ తడుతూనే ఉన్నాడు. నేను చేతిలో నుంచి సూది తీసేశాను. అన్నయ్య సీసా ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంక దించు అన్నయ్యా," అన్నాను. ఆయనకు వినబడలేదు. లేచి నిలబడి, ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి సీసా తీసుకోవలసి వచ్చింది.

లారీ వెనక్కి తిప్పాం. కొంత దూరం వచ్చాం. అప్పుడు అన్నయ్య ఏసోబు ఎదుట గొంతుకూర్చుని చెప్పాడు. ఆ మాట చెప్పొద్దని నేను తల ఊపుతూనే ఉన్నాను.

"మీ ఊరికి ఆ తుపాకులు తెచ్చింది నేనే."

ఏసోబు కొట్టలేదు. తిట్టలేదు. "నా పెళ్ళాం పక్కన కూకోమాక. దిగు," అన్నాడు.

డ్రైవరు బండి ఆపాడు. అన్నయ్య దిగాడు. చుట్టూ మిరపచేలు తప్ప ఏమీ లేని చోట, చొక్కా అంతా దేవమ్మ నెత్తురుతో, రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. నేను ఏసోబుతోనే వెళ్ళాను. దేవమ్మను ఇంటికి చేర్చాలి గదా. అన్నయ్య బుల్లెట్టు మర్నాటి దాకా ఆస్పత్రి గేటు దగ్గరే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు నా దగ్గరకు వచ్చాడు. గడప బయటే నిలబడి అన్నాడు: "అయ్యి వెనక్కి తెస్తా అమ్మాయ్."

"ఏయి?"

"నేను దించినయ్యన్నీ."

"ఎవరిస్తరు అన్నయ్యా?"

"అడుగుతా. ఇయ్యకపోతే మళ్ళా అడుగుతా."

నవ్వొచ్చేంత పిచ్చి మాట. కానీ నాకు నవ్వు రాలేదు. లోపలికి రమ్మని అన్నం పెట్టాను.

మొదటిసారి నేనూ వెంట వెళ్ళాను. నర్సు తెల్లచీర చూస్తే కనీసం చెయ్యెత్తరన్న ఆశతో. వెళ్ళిన ఊళ్ళో ఒక ముఠా పెద్దకు అంతకు ముందు జ్వరమొస్తే సూదులు వేసింది నేనే. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. అన్నయ్య చేతులు జోడించి విషయం చెప్పాడు.

"ఏందీ, తుపాకి ఇయ్యాల్నా?" అని పెద్దగా నవ్వాడాయన. "నేనిస్తే అవతలోడు ఇస్తడా?"

"ఆయన్నీ అడుగుతానండీ."

"అయితే ముందు ఆడి దగ్గర తీసకరా. అప్పుడు చూద్దాం."

అవతలి ముఠా ఇంటికి వెళ్ళాం. వాళ్ళదీ అదే మాట. ముందు వాళ్ళ దగ్గర తీసుకురా. అన్నయ్య మళ్ళీ మొదటి ఇంటికి, మళ్ళీ రెండో ఇంటికి తిరిగాడు. ఆ ఎండలో, ఆ వీధిలో, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నవ్వుతుంటే, ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి నడుస్తున్న మా అన్నయ్యను నేను చూశాను. ఒకప్పుడు ఆయన బండి చప్పుడుకు ఆ అరుగుల మీదివాళ్ళే లేచి నిలబడేవారు.

తర్వాత ఒక్కడే తిరిగాడు. షెడ్డు మూతపడింది. కొన్ని ఇళ్ళల్లో కుక్కల్ని వదిలారు. ఒక చోట చెప్పుతో కొట్టారు. పోలీసులే పంపారని కొందరు, అవతలి ముఠా పంపిందని కొందరు అన్నారు. ఇంట్లో వదిన ఎంతో చెప్పి చూసింది. చివరికి వినుకొండలో పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు నా దగ్గరకొచ్చి, "నేను చావుకు భయపడి పోటల్లేదు వదినా. రోజూ గుమ్మంలో నిలబడి ఈయన వస్తడా రాడా అని చూడలేక పోతన్నా," అంది. నేనామెను ఆపలేకపోయాను.

ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒక ముసలమ్మ జొన్నల గాదెలో కొడుకు దాచిన తపంచాను, ఆ పొట్టి నాటు తుపాకిని, తనే బయటికి లాగి అన్నయ్య చేతిలో పెట్టిందట. "తీసకపో నాయనా. ఇది ఇంట్లోకొచ్చిన కాడినుంచి మా వాడు నాతో నవ్వలా," అందట. దాన్ని పట్టుకుని అన్నయ్య నన్నూ రమ్మన్నాడు. ఇద్దరం విజయపురి సౌత్ వెళ్ళి నాగార్జునకొండకు పోయే లాంచీ ఎక్కాం. చుట్టూ బడిపిల్లలు, టీచర్లు. నీళ్ళ మధ్యకు వెళ్ళాక అన్నయ్య చెయ్యి బయటికి చాపి ఆ గుడ్డమూటను వదిలేశాడు. చిన్న చప్పుడు కూడా రాలేదు. ఒక టీచరమ్మ, "అయ్యో, ఏదో పడిపోయిందండీ," అంది. "పడితే పడనియ్యండమ్మా," అని అన్నయ్య నవ్వాడు. దేవమ్మ పోయిన తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

అలా వెనక్కి వచ్చినవి ఒక చేతి వేళ్ళకు మించలేదు. దించినవి ఎన్నో నాకెప్పుడూ చెప్పలేదు. అడిగితే తల పక్కకు తిప్పుకునేవాడు.

ఒకనాడు పేరయ్య ఆస్పత్రికి వచ్చాడు. రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని, నేను ఖాళీ అయ్యేదాకా ఓపిగ్గా ఆగాడు. తెల్లచొక్కా, మెళ్ళో గొలుసు. చూసినవాళ్ళు బియ్యం వ్యాపారి అనుకుంటారు.

"సిస్టరమ్మా, మీ అన్నకు మతి చెదిరింది. మందేమన్నా ఉంటే ఇయ్యి."

"ఆయన మతి ఇప్పుడే కుదురుకుంది," అన్నాను.

"పెళ్ళాం పోయింది. షెడ్డు పోయింది. ఇంక ఆడికి పోయేదానికి ఏముంది?" అని నా వైపు చూశాడు. "నువ్వున్నావు. అది గుర్తు చెయ్యి."

చెప్పకుండా దాచుదామనుకున్నాను గాని వాచ్‌మన్ అన్నయ్యకు చెప్పేశాడు. ఆ మర్నాడే అన్నయ్య స్టేషనుకు వెళ్ళి లొంగిపోయాడు. తను చేసినదంతా చెప్పాడు. పేరయ్య పేరు చెప్పాడు. ఏ ఊళ్ళో ఏ ఇంట్లో దించాడో చెప్పాడు. తను లోపలుంటే నా జోలికి రారని, సర్కారు జీపులు వెళ్తే ఆ ఇళ్ళవాళ్ళు ఇవ్వక చస్తారా అని ఆయన ఆశ. జీపులు వెళ్ళాయి. గాదెలు, గడ్డివాములు వెతికారు. ఏమీ దొరకలేదు. కబురు వాళ్ళకంటే ముందే ఊళ్ళకు చేరింది. ఎలా చేరిందో నాకు తెలియదు. పేరయ్య కొన్నాళ్ళు కనబడకుండా తిరిగి, మళ్ళీ బజారులోకి వచ్చాడు. అన్నయ్య జైల్లో ఉండగానే మా ఇంటి ముందున్న బుల్లెట్టుకు నిప్పు పెట్టారు. కాలిపోయిన ట్యాంకు చాలా రోజులు వాకిట్లోనే పడి ఉంది. తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

బెయిలు మీద బయటికొచ్చాక నా దగ్గర కొన్ని రోజులున్నాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. గొడ్డుకారం కలిపి పెడితే కళ్ళు మూసుకుని తిన్నాడు. ఆ రోజు నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను.

"ఏటి అవతలికి పో అన్నయ్యా. నల్లగొండ వైపు నిన్నెవరూ ఎరగరు. ఏదో షెడ్డులో పని చేసుకో. నేనొచ్చి చూసి పోతా ఉంటా."

"నేను పోతే అయ్యి పోతయ్యా? అయ్యి ఇక్కడే ఉంటయ్యి గందా."

"ఒక్కడివి. ఎన్నని తెస్తావు?"

"తెచ్చేటప్పుడూ ఒక్కణ్ణే తెచ్చా."

ఏడ్చాను, అరిచాను, అన్నం మానేస్తానని బెదిరించాను. ఆయన నా పక్కన కూర్చుని, చిన్నప్పుడు చేసినట్టు నా జడ కొస పట్టుకుని ఊరికే తిప్పుతూ ఉండిపోయాడు. మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు. బండి లేదు కాబట్టి బస్సుల్లో, దిగిన చోటి నుంచి నడక. ఆ టీకొట్టు ముందు బస్సు కోసం నిలబడింది అలాంటి ఒక ఊరికి పోవడానికే.

నేను వెళ్ళేసరికి ఆయన మీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా తీసి చూశాను. అలాంటి గాయాలు ఎన్నో చూసిన దాన్ని గనక చూడగానే అర్థమయ్యింది. అవి ఆయన మోసిన రకం తుపాకులు చేసిన గాయాలే. ఆయన దించినదే ఒకటి అయి ఉంటుందా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ ఆలోచన మొదలైతే ఆ రోజుకు నా చేత ఏ పనీ కాదు.

దహనానికి మనుషులు రాలేదు. భయం. సాయిబుగారు వచ్చాడు, బస్సు డ్రైవరు వచ్చాడు, ఆస్పత్రి వాచ్‌మన్ వచ్చాడు. నాలుగో భుజం లేదు. పాడె ఒక పక్క నేనే పట్టాను. ఆడవాళ్ళు పట్టకూడదని అనడానికి కూడా ఎవరూ లేరు. వదిన వెనకాల నడిచింది. ఏసోబు రాలేదు. రావాలని నేననుకోలేదు.

పెద్దకర్మ అయిన తర్వాత నేను డ్యూటీలో చేరాను. ఒకరోజు పొద్దున రోగుల వరసలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. కొత్త కోడలిలా ఉంది. చంకలో పాత చీరతో చుట్టిన మూట. తన వంతు వచ్చాక చీటీ చూపించకుండా నన్ను పక్కకు రమ్మంది.

"నువ్వేనా ఆయన చెల్లెలివి?"

"అవునమ్మా."

"మీ అన్న మా ఇంటికి చానా మాట్లు వచ్చాడక్కా. మా ఆయన చెప్పుతో కొట్టాడు. అయినా పోతా పోతా నాకు దణ్ణం పెట్టి, పిల్లలు తిరిగే ఇల్లమ్మా, ఒక్కమాటు నువ్వన్నా చెప్పి చూడు అన్నాడు. నాకు ఎవురూ ఎప్పుడూ దణ్ణం పెట్టలా." మూట నా చేతుల్లో పెట్టింది. బరువుగా ఉంది. విప్పకుండానే ఏమిటో తెలిసింది.

"ఇంటికి పోతే నిన్ను బతకనిస్తడా?"

"తంతే తంతడు," అంది. కళ్ళు దించుకోలేదు.

"ఇందులో తుపాకి మందు కూరి ఉందా?"

"నాకు తెలవదక్కా."

నాకూ తెలియదు. అన్నయ్య ఉంటే పట్టుకు చూసి చెప్పేవాడు. పోలీసులకిస్తే ఏ ఇంటి నుంచి వచ్చిందని అడుగుతారు, ఆ పిల్ల పేరు బయటికొస్తుంది. అన్నయ్యలాగే నీళ్ళల్లో వదిలేద్దామని సెలవు పెట్టి సాగరు బస్సు ఎక్కాను. సీటు దొరికింది. మూట ఒళ్ళో పెట్టుకుని, గొట్టం కొస ఎటుందో చేత్తో తడిమి, నా కడుపు వైపుకు తిప్పుకున్నాను.

"పైన పెట్టకూడదా అమ్మా, అంత బరువు?" అన్నాడు కండక్టరు.

"పర్లేదు, ఉండనియ్యి," అన్నాను.

మాచర్ల దాటాక ఒక తల్లి ఎక్కి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఒళ్ళో ఏడాది నిండని పిల్ల. బస్సు కుదుపులకు పిల్లకు నిద్ర పట్టింది. కాళ్ళు జారి వచ్చి నా ఒళ్ళో మూట మీద ఆగాయి. చిన్న పాదాలు, మట్టి అంటుకుని ఉన్నాయి, ఒక కాలికి నల్లతాడు. తల్లి సర్దబోయింది.

"ఉంచమ్మా, లేస్తది," అన్నాను.

మూట కదిపితే ఏమవుతుందో తెలియదు. తీసి కింద పెట్టడానికి జాగా లేదు. పిల్ల కాళ్ళ కింద నా అరచేతులు పరిచాను. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఊపిరి బిగబట్టాను. కిటికీ అవతల కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. పిల్ల నిద్రలో ఒకసారి కాలు విదిలించి, మళ్ళీ నా చేతుల్లో పెట్టి పడుకుంది.